పాలరోగపు వైరస్‌కు కణం లోపల సాయపడేది ఎవరు?

(మత్తిగిరిలో పట్టు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పక్క కర్ణాటక, ఒక పక్క ఆంధ్రప్రదేశ్, మధ్యలో మన హోసూరు, కృష్ణగిరి పల్లెలు. మనలో చాలామంది ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడుతాము. గూళ్ళు ఒక పంటకు ధర్మపురి మార్కెట్టుకు పోతాయి, ఇంకో పంటకు రామనగరం పోతాయి. భాష ఏదైనా, మార్కెట్టు ఏదైనా, నాలుగో జ్వరం లేచి గంపలు గంపలుగా ఆకు తింటున్న పురుగు ఉన్నట్టుండి పాలు కారి తట్ట అంచున వేలాడితే కలిగే బాధ మాత్రం అందరికీ ఒకటే. అప్పటికి ఆకు ఖర్చయిపోయి ఉంటుంది, కూలి ఇచ్చేసి ఉంటాము, గూళ్ళమీద చూపించి తెచ్చిన అప్పు మిగిలి ఉంటుంది.

ఈ మధ్య రైతులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, జన్యువును ఆపేసి పాలరోగం రాకుండా చేస్తారంట గదా, ఆ మందు మాకు ఎప్పుడు వస్తుంది?" ఇది మంచి ప్రశ్న. దీనికి "వస్తుంది" అనో "రాదు" అనో ఒక్క మాటలో జవాబు చెప్పి పంపడం న్యాయం కాదు. పరిశోధనాలయంలో ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, అందులో మన షెడ్డుకు పనికివచ్చేది ఎంత అన్నది వరుసగా చెప్పుకుందాము.

వైరస్ లోపలికి వచ్చే దారి

పాలరోగాన్ని ఆఫీసు కాగితాల్లో గ్రాసరీ అంటారు. దీనికి కారణం ఒక వైరస్. దాని పేరు బాంబిక్స్ మోరై న్యూక్లియోపాలిహెడ్రోవైరస్, క్లుప్తంగా బి.ఎం.ఎన్.పి.వి. ఈ వైరస్ కణాలు గట్టి మాంసకృత్తు పలుకుల్లో, అంటే ప్రోటీను స్ఫటికాలలో, మూట కట్టినట్టు దాగి ఉంటాయి. ఈ పలుకులనే పాలిహెడ్రా అంటారు. రోగపు పురుగు నుండి కారే పాలను మామూలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఇవి మెరుస్తూ కనిపిస్తాయి. ఒక్క పురుగు కార్చే పాలలో ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఎండిపోయి దుమ్ములో కలిసినా చాలాకాలం చావవు.

పురుగు ఆకుతోపాటు ఈ పలుకులను మింగుతుంది. పురుగు పేగులోని రసం ఘాటైన క్షారం, సున్నపు నీటి లాంటిది. ఆ క్షారంలో పలుకు కరిగి లోపలి వైరస్ బయటపడుతుంది. ముందు పేగు గోడ కణాలలోకి, అక్కడినుండి రక్తంలోకి, కొవ్వులోకి, చర్మం కింది కణాలలోకి వ్యాపిస్తుంది. కణాలు పగిలి, రక్తం పాలలాగా తెల్లబడుతుంది. చర్మం మెరుస్తూ, గణుపుల మధ్య ఉబ్బి, పురుగు నిలకడ లేకుండా తిరుగుతుంది. తరువాతి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ వైరస్‌కు ఉన్న జన్యువులు సుమారు 136 మాత్రమే. పట్టుపురుగుకు 14 వేలకు పైగా ఉన్నాయి. ఇంత తక్కువ సరంజామాతో వచ్చిన వైరస్ తన పనులన్నీ తానే చేసుకోలేదు. పురుగు కణంలో ఉన్న పనిముట్లనే వాడుకుంటుంది. మరి ఏ పనిముట్లు? కణంలో దానికి సాయపడేది ఎవరు? శాస్త్రజ్ఞులు వెతికింది ఈ ప్రశ్నకు జవాబునే.

కణం లోపల కబురు

జీవకణాన్ని ఒక ఇల్లు అనుకోండి. ఇంటికి ప్రహరీ, వాకిలి ఉన్నట్టు కణానికి పైపొర ఉంది. నడిమి గదిలో భద్రంగా పెట్టిన దస్తావేజుల పెట్టె ఉన్నట్టు కణం మధ్యలో కేంద్రకం ఉంది. ఆ పెట్టెలోని ఒక్కొక్క దస్తావేజు ఒక్కొక్క జన్యువు.

బయట ఏమి జరుగుతున్నదో నడిమి గదికి తెలియాలి. తిండి దొరికింది, పెరుగు. జ్వరానికి పోవలసిన వేళయింది, తిండి మాను. గూడు కట్టే వేళయింది, పట్టు తీయి. ఇట్లాంటి కబుర్లు వాకిలి దగ్గర అందుకొని, చేతినుండి చేతికి మార్చి, లోపలికి చేర్చే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వీటిని సంకేత ప్రోటీన్లు అంటారు. ఊరిలో తలారి కబురు తెచ్చి మునసబుకు చెబితే మునసబు కరణానికి చెప్పినట్టు, ఇవి ఒకదానినుండి ఒకటి కబురు అందుకుంటాయి.

కబురు అందిందని గుర్తు ఏమిటి? భాస్వరం. మీరు తోటకు వేసే సూపర్ ఫాస్ఫేటులో ఉన్న భాస్వరమే ఇక్కడ ఫాస్ఫేటు రూపంలో ముద్రలాగా పనిచేస్తుంది. ముందరి ప్రోటీను వెనుకటి ప్రోటీనుకు ఒక ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది. ముద్ర పడిన ప్రోటీను నిద్ర లేచినట్టు చురుకై, తన పని మొదలుపెడుతుంది.

ఇట్లాంటి సంకేత ప్రోటీన్లలో ఇ.ఆర్.కె. అనేది ముఖ్యమైనది. దీనిని నోటితో "ఎర్క్" అంటారు. దీనికి దాయాది లాంటిది జె.ఎన్.కె., నోటితో "జంక్". ఈ రెండూ పట్టుపురుగులోనే కాదు, ఈగలోను, ఎలుకలోను, మనిషిలోను ఉన్నాయి. మనిషిలో ఎర్క్ అదుపు తప్పితే కొన్ని రకాల క్యాన్సర్లు పుడతాయి. అందువల్లనే ప్రపంచమంతటా ఈ ప్రోటీను మీద పరిశోధన జరుగుతున్నది.

జన్యువును మౌనపరచడం అంటే ఏమిటి?

ఒక ప్రోటీను ఏ పని చేస్తున్నదో తెలుసుకోవడం ఎట్లా? ఊరికి చెరువు నీళ్ళు వదిలే నీరుగంటి ఒకరోజు రాకపోతే, ఏ మడి ఎండిందో చూసి ఆయన చేసే పని ఏదో చెప్పవచ్చు. పరిశోధనాలయంలో కూడా ఇదే పద్ధతి. ఒక ప్రోటీనును లేకుండా చేసి, ఏ పని ఆగిందో చూస్తారు.

నడిమి గదిలోని దస్తావేజు ఎప్పుడూ బయటికి రాదు. దానికి నకలు తీసిన చీటీ బయటికి వస్తుంది. ఈ చీటీని ఆర్.ఎన్.ఎ. అంటారు. చీటీ చూసి కణం ప్రోటీను తయారుచేస్తుంది. దస్తావేజును ముట్టకుండా, వచ్చిన చీటీని వచ్చినట్టు చింపివేస్తే? దస్తావేజు పెట్టెలో భద్రంగానే ఉంటుంది, ప్రోటీను మాత్రం తయారు కాదు. జన్యువును మౌనపరచడమంటే ఇదే.

చీటీని చింపే ఏర్పాటును శాస్త్రజ్ఞులు కొత్తగా కల్పించలేదు. అది కణంలో మొదటినుండీ ఉన్నదే. మన హోసూరు పూలతోటల రైతులకు నచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాను. 1990లో అమెరికాలో కొందరు పెటూనియా పూల ఊదారంగును ఇంకా ముదురు చేయాలని రంగు జన్యువును అదనంగా చేర్చారు. రంగు ముదరడం పోయి కొన్ని మొక్కలకు తెల్లపూలు పూశాయి! ఉన్న రంగు జన్యువు కూడా నోరు మూసుకున్నది. కారణం అప్పుడు తెలియలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెగ్ మెల్లో అనే శాస్త్రజ్ఞులు ఒక చిన్న నులిపురుగు మీద పనిచేసి అసలు కిటుకు చూపించారు. చీటీ మామూలుగా ఒంటిపేట. రెండు పేటలు కలిసిన ఆర్.ఎన్.ఎ. కణంలో కనబడితే కణం దానిని శత్రువుగా భావిస్తుంది. కణంలోని కత్తెర దానిని చిన్నచిన్న ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కను నమూనాగా పట్టుకొని, దానితో సరిపోలే చీటీలన్నిటినీ వెతికి వెతికి చింపుతుంది. ఈ పనికి వారిద్దరికీ 2006లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే, ఏ జన్యువును మౌనపరచాలో ఆ జన్యువు రాతతో సరిపోలే రెండు పేటల ఆర్.ఎన్.ఎ.ను తయారుచేసి కణంలోకి పంపితే చాలు. మిగతా పని కణమే చేస్తుంది. 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు పట్టుపురుగు గుడ్లలోకి ఇట్లాంటి ఆర్.ఎన్.ఎ.ను సూదితో ఎక్కించి, రంగుకు సంబంధించిన ఒక జన్యువును మౌనపరచి, తెల్లగుడ్ల రకం లక్షణాలను తెప్పించారు. పట్టుపురుగులోనూ ఈ పద్ధతి పనిచేస్తుందని దానితో రుజువైంది.

టోక్యోలో జరిగిన పరీక్ష

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 2007లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కత్సుమా, షిమాడా, వారితో కలిసి పనిచేసిన మీటా అనే శాస్త్రజ్ఞులు పాలరోగపు వైరస్‌కు, ఎర్క్, జంక్ ప్రోటీన్లకు ఉన్న సంబంధం మీద పరిశోధన ప్రకటించారు. వాళ్ళు తీసుకున్నవి పట్టుపురుగు కణాలు. పురుగునుండి తీసిన కణాలను గాజు పాత్రలో, పోషక ద్రవంలో పెంచుతారు. మనం తట్టలో చాకీ పురుగులను సాకినట్టు వాళ్ళు పాత్రలో కణాలను సాకుతారు.

ఆ కణాలకు వైరస్ సోకించి చూస్తే, ఎర్క్, జంక్ రెండూ చురుకు ముద్ర వేసుకొని కనిపించాయి. వైరస్ వచ్చిన తరువాత కబురు వ్యవస్థ మేలుకున్నదన్నమాట. కాని ఇది ఎవరికి మేలు? కణం తనను కాపాడుకోవడానికి గంట కొడుతున్నదా, లేక వైరసే తన పనికోసం గంట కొట్టిస్తున్నదా? చూసినంత మాత్రాన తేలదు. దొంగ దొరికినచోట కుక్క మొరుగుతూ ఉంటే, కుక్క దొంగను అడ్డుకున్నదా, దొంగకు తోడు వచ్చిందా అన్నది ఇంకో విధంగా తేల్చాలి.

అందుకే మౌనపరిచే పద్ధతి అవసరమైంది. ఎర్క్ జన్యువును ఒకసారి, జంక్ జన్యువును ఒకసారి రెండు పేటల ఆర్.ఎన్.ఎ.తో మౌనపరిచారు. తరువాత వైరస్ సోకించారు. ఫలితం ఏమిటంటే, వైరస్ పెరుగుదల తగ్గింది. పాలిహెడ్రా పలుకులూ తగ్గాయి, కణంనుండి కణానికి పాకే వైరస్ కణాలూ తగ్గాయి. వైరస్ తన జన్యువులను వేళప్రకారం ఒకదాని వెంట ఒకటి నడిపించే క్రమం కూడా చెదిరింది. జన్యువును ముట్టకుండా, ఈ ప్రోటీన్లు మేలుకోకుండా అడ్డుపడే రసాయనాలను వాడినప్పుడు కూడా ఇదే తేలింది. రెండు దారులలో పోయినా ఒకే ఊరు వచ్చింది కాబట్టి నమ్మకం కుదిరింది.

అంటే, పురుగు సొంత కబురు వ్యవస్థనే వైరస్ తన సంతానం పెంచుకోవడానికి వాడుకుంటున్నది. మొదట అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. కణం లోపల వైరస్‌కు సాయపడేవారిలో ఎర్క్, జంక్ ఉన్నాయి.

ఆ పరీక్షను నమ్మడం ఎట్లా?

ఇట్లాంటి పరీక్ష చేసేటప్పుడు పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. ఇవి మీ షెడ్డులో కూడా పనికివస్తాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది, చీటీ నిజంగా తగ్గిందా, ప్రోటీను నిజంగా తగ్గిందా అని విడివిడిగా కొలవాలి. చీటీ చింపినా, అంతకుముందే తయారై ఉన్న ప్రోటీను కొన్ని రోజులు నిలిచి ఉండవచ్చు. గాదెలో గింజలుంటే, ఈ ఏడు పంట పోయినా వెంటనే ఆకలి తెలియదు గదా.

రెండవది, పోల్చి చూడడానికి ఇంకో పాత్ర ఉండాలి. అందులోని కణాలకు కూడా రెండు పేటల ఆర్.ఎన్.ఎ. ఇస్తారు. కాని అది ఆ కణంలో లేని ఏదో జన్యువుకు సరిపోలేదై ఉంటుంది. ఎందుకంటే, ఏదో ఒక ఆర్.ఎన్.ఎ. ఎక్కించడం వల్లనే కణం నీరసించి వైరస్ తగ్గిందేమో అన్న అనుమానం తీరాలి.

మూడవది, ఆర్.ఎన్.ఎ. ముక్క మనం కోరిన చీటీనే కాక, పోలికలున్న వేరే చీటీని కూడా చింపే ప్రమాదం ఉంది. అందుకే అదే జన్యువు యొక్క వేరే భాగంతో మళ్ళీ చేసి చూడడం మంచి పద్ధతి.

నాలుగవది, మౌనపరచడమంటే పూర్తిగా లేకుండా చేయడం కాదు. నూటికి నూరుపాళ్ళు ఆగదు, తగ్గుతుంది. వైరస్ కూడా తగ్గింది, మాయమైపోలేదు. ఈ తేడాను ఎప్పుడూ మరచిపోకూడదు.

ఎర్క్‌ను పురుగులోనే ఆపేస్తే పోలేదా?

"అట్లయితే సార్, ఎర్క్ లేని పురుగునే తయారుచేస్తే రోగమే రాదు గదా?" అని మీరు అడగవచ్చు. ఇక్కడే జాగ్రత్త అవసరం.

ఎర్క్ వైరస్ కోసం పుట్టలేదు, పురుగు కోసం పుట్టింది. జ్వరానికి పోవడానికి, గూడు కట్టడానికి పురుగుకు ఎక్డైసోన్ అనే హార్మోను కావాలి. మెదడునుండి వచ్చే కబురు అందుకొని రొమ్ము భాగంలోని గ్రంథి ఈ హార్మోనును వదులుతుంది. ఆ కబురును గ్రంథి కణాల లోపల మోసేవారిలో ఎర్క్ ఒకటి. విశ్రాంతిలో ఉన్న గుడ్లను చలిలో నిలువ ఉంచి మేలుకొలిపే సంగతి గుడ్ల కేంద్రాల్లో మీరు వినే ఉంటారు. ఆ మేలుకోవడంలో కూడా ఎర్క్‌కు పాత్ర ఉందని జపాన్ పరిశోధనలో తేలింది. కాబట్టి ఎర్క్‌ను ఒళ్ళంతా ఆపేస్తే, పాలరోగం తగ్గవచ్చునేమో గాని పురుగు జ్వరమే లేవకపోవచ్చు. దొంగ వస్తున్నాడని ఇంటి తలుపునే తీసేస్తే మనం కాపురం ఎట్లా చేస్తాము?

సంకేత ప్రోటీన్లకు ఎంత బలం ఉందో చూపే ఇంకో సంగతి. 2011లో చైనా శాస్త్రజ్ఞులు రాస్ అనే సంకేత ప్రోటీనును, ఎప్పుడూ చురుకుగా ఉండే రూపంలో, కేవలం పట్టు గ్రంథి వెనుక భాగంలో మాత్రం ఎక్కువ చేశారు. ఆ పురుగుల పట్టు దిగుబడి సుమారు 60 శాతం పెరిగిందని ప్రకటించారు. వాళ్ళు ఒళ్ళంతా చేయలేదు, పట్టు తీసే చోట మాత్రమే చేశారు. సంకేత ప్రోటీన్ల జోలికి పోయేటప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే ముఖ్యం.

హైదరాబాదు, హిందూపురం పని

పురుగు జన్యువును ముట్టకుండా వైరస్ జన్యువునే మౌనపరిస్తే? ఈ దారిలో మన దగ్గరలోనే గొప్ప పని జరిగింది. హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ మరియు డయాగ్నొస్టిక్స్ కేంద్రం, అంటే సి.డి.ఎఫ్.డి.లో, డాక్టర్ జె. నాగరాజు గారి బృందం ఈ పని చేసింది. హిందూపురం దగ్గర కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు ఇందులో పాలుపంచుకున్నారు.

వైరస్ కణంలోకి రాగానే మొట్టమొదట విప్పే దస్తావేజులలో ఐ.ఇ.1 అనేది ముఖ్యమైనది. మిగతా వైరస్ జన్యువులను లేపేది అదే. ఈ జన్యువును మౌనపరిచే ఏర్పాటును పురుగు వంశంలోనే చేర్చి, ఆ పురుగులు వైరస్‌ను తట్టుకుంటాయని 2007లో చూపించారు. ఒక్క జన్యువునే నమ్ముకుంటే వైరస్ తప్పించుకునే అవకాశం ఉంటుంది. అందుకని తరువాత వైరస్‌కు అత్యవసరమైన పలు జన్యువులను ఒకేసారి మౌనపరిచే పురుగులను తయారుచేశారు. సంకరణ పద్ధతిలో ఆ గుణాన్ని ఎక్కువ దిగుబడి ఇచ్చే రకంలోకి కూడా తెచ్చారు. ఈ పరిశోధన 2013 జనవరిలో అచ్చయింది. డాక్టర్ నాగరాజు గారు 2012 చివరలోనే కన్నుమూశారు.

ఈ పురుగులు జన్యుమార్పిడి చేసినవి. అట్లాంటివాటిని రైతుకు ఇవ్వాలంటే ప్రభుత్వ అనుమతులు, బయలు పరీక్షలు, పర్యావరణ పరిశీలన అన్నీ దాటాలి. శాఖ ద్వారా మీకు అందే గుడ్లు ఇట్లాంటివి కావు. ఎవరైనా "జన్యువు మార్చిన గుడ్లు, పాలరోగమే రాదు" అని చెప్పి అమ్మజూపితే నమ్మవద్దు.

ఆకుమీద చల్లే మందు వస్తుందా?

"పురుగును మార్చనక్కరలేదు, ఆర్.ఎన్.ఎ.ను నీళ్ళలో కలిపి ఆకుమీద చల్లితే పోలేదా?" ఇది ఇంకో ప్రశ్న. కొన్ని పెంకు పురుగులలో ఇట్లా తినిపించినా పనిచేస్తుంది. పట్టుపురుగు, చిలుకల జాతి పురుగులలో మాత్రం ఇది కష్టం. పట్టుపురుగు పేగు రసంలో ఇట్లాంటి ఆర్.ఎన్.ఎ.ను ముక్కలు చేసే ఎంజైము ఉంది. తిన్నది కణానికి చేరకముందే చెడిపోతుంది. చేరినా, ఒక కణంనుండి ఇంకో కణానికి సరిగా పాకదు. పరిశోధనాలయంలో సూదితోనో, కణాల పాత్రలోనో పనిచేసినది మన ఆకు గంపలో పనిచేస్తుందని అనుకోకూడదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. పాలరోగం వచ్చిన పురుగును బాగుచేసే మందు ఈనాటికీ లేదు. యాంటీబయాటిక్ మందులు వైరస్‌ను చంపవు. పాలరోగాన్ని మాన్పుతుందని సీసా ఎవరు తెచ్చినా, కొనేముందు పరిశోధనాలయం నియమం పాటించండి. ఒకే తరహా గుడ్లు, ఒకే రోజు చాకీ కట్టిన పురుగులు తీసుకోండి. మూడు తట్టలకు మందు వాడండి, మూడు తట్టలకు వాడకండి. ఆకు, షెడ్డు, వేళ అన్నీ ఒకటే ఉండాలి. తట్టకు ఎన్ని పురుగులు పెట్టారో లెక్కించి రాయండి. రోజూ చచ్చినవి ఎన్నో రాయండి. లెక్క పెట్టేవారికి ఏది మందు తట్టో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. పంట ముగిశాక రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే మీ డబ్బు మిగిలినట్టే. మందు వాడని తట్టతో పోల్చకుండా "పంట బాగా వచ్చింది, మందు బాగుంది" అనడం సరికాదు. ఆ పంట మందు లేకుండానే బాగా వచ్చి ఉండవచ్చు.

మన చేతిలో ఉన్న పనులు

వైరస్ గురించి తెలిసిన సంగతులనుండే మన జాగ్రత్తలు పుట్టాయి. ఎందుకు చేస్తున్నామో తెలిస్తే చేయడం సులభం.

1. క్షారంలో పలుకు కరుగుతుంది. పురుగు పేగులో కరిగితే వైరస్‌కు లాభం. పేగు బయట, తట్టమీద, నేలమీద కరిగితే రక్షణ పోయిన వైరస్ నశిస్తుంది. సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడమని చెప్పేది ఇందుకే. నూరు లీటర్ల నీటికి 2 కిలోల మంచి బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడిపిన సున్నం కలిపి షెడ్డు, తట్టలు, స్టాండ్లు, చంద్రికలు, నేత్రికలు అన్నీ తడిసేటట్టు కొట్టాలి. పంట తీసిన వెంటనే ఒకసారి, చాకీ కట్టేముందు ఒకసారి తప్పనిసరి. పాత బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ పోయి ఉంటుంది, వాడవద్దు. కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

2. పాలు కారకముందే రోగపు పురుగును ఏరివేయాలి. మెరుస్తూ ఉబ్బినవి, జ్వరానికి పోకుండా తట్ట అంచున తిరిగేవి కనిపించగానే పుల్లలతో పట్టి, సున్నం, బ్లీచింగ్ కలిపిన నీటి గిన్నెలో వేయండి. చేత్తో పట్టి, అదే చేత్తో ఆకు వేయవద్దు. కోళ్ళకు వేయవద్దు, పెంటలో పారవేయవద్దు. గిన్నెలో వేసినవాటిని తరువాత లోతుగా పాతిపెట్టాలి.

3. జ్వరం లేచిన పురుగులకు ఆకు వేసేముందు విజేత వంటి పడక క్రిమిసంహారక పొడిని పలుచగా చల్లండి. అరగంట ఆగి ఆకు వేయండి. నాలుగో జ్వరం లేచిన నాలుగోరోజు ఇంకోసారి చల్లాలి. ఎంత వాడాలో పొట్లం మీద చూసి, సాంకేతిక సిబ్బందిని అడిగి వాడండి.

4. ఎండ తాపం, ఆకలి, కిక్కిరిసిన తట్టలు పురుగు బలాన్ని తగ్గిస్తాయి. బలం తగ్గిన పురుగులో వైరస్ తొందరగా పెరుగుతుంది. చాకీలో 27, 28 డిగ్రీల వేడి, మంచి తేమ ఉండాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, గాలి ఆడే చోటు కావాలి. వేసవిలో షెడ్డు పైన తాటాకులో, కొబ్బరి మట్టలో కప్పి నీళ్ళు చల్లండి.

5. షెడ్డు వాకిట సున్నం, బ్లీచింగ్ చల్లిన గోనెపట్టా వేయండి. ఒక షెడ్డునుండి ఇంకో షెడ్డుకు పోయేవారు కాళ్ళు, చేతులు కడుక్కొని పోవాలి. ఒక ఇంట్లో పాలరోగం ఉంటే వీధిలో అందరికీ చెప్పాలి. దాచిపెడితే రోగం దాగదు, పక్క షెడ్డుకు పోతుంది.

6. గుడ్ల కేంద్రంలో తల్లి సీతాకోకచిలుకను పరీక్షించేది పెబ్రిన్ రోగానికి. ఆ పరీక్ష అయిన గుడ్లు తెచ్చాము గదా అని పాలరోగం విషయంలో నిర్లక్ష్యం చేయవద్దు.

చివరి మాట

మన మత్తిగిరి పక్కనే, హోసూరు తళి రోడ్డులో, కేంద్ర పట్టు మండలివారి జన్యు వనరుల కేంద్రం ఉంది. 1990 దశకం మొదట్లో మొదలైన ఆ కేంద్రంలో దేశవిదేశాల పట్టుపురుగు రకాలను, మల్బరీ రకాలను తరతరాలుగా చెడకుండా కాపాడుతున్నారు. అన్ని రకాలూ పాలరోగాన్ని ఒకే తీరుగా తట్టుకోవు. కొన్ని త్వరగా లొంగిపోతాయి, కొన్ని గట్టిగా నిలుస్తాయి. ఆ తేడా ఏ జన్యువులో ఉంది, ఏ కబురు మార్గంలో ఉంది అని తేల్చడానికి జన్యువును మౌనపరిచే పద్ధతి పనికివస్తుంది. అట్లా తేలిన జన్యువును మామూలు సంకరణతోనే మంచి దిగుబడి రకంలోకి తేవచ్చు. పరిశోధనాలయంలో ఒక ప్రోటీను వెంట పడి ఏళ్ళ తరబడి చేసే పని మన షెడ్డుకు చేరే దారులలో ఇది ఒకటి. ఆ దారి పొడవైనది.

ఆ దారిలో మీరు చేయగలిగిన సహాయం కూడా ఉంది. పాలరోగం కనబడిన పంటలో గుడ్ల రకం, చాకీ కట్టిన తేదీ, ఏ జ్వరం దగ్గర రోగం కనబడింది, ఎన్ని పురుగులు పోయాయి అన్న నాలుగు సంగతులు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. సాంకేతిక సిబ్బంది వచ్చినప్పుడు చూపించండి. ఏ రకం ఏ కాలంలో లొంగుతున్నదో రైతుల లెక్కలు లేకుండా ఏ శాస్త్రజ్ఞుడికీ తెలియదు.

కొత్త రకం వచ్చేవరకు మన పంటను కాపాడేది మన షెడ్డులోని శుభ్రతే. రేపు పొద్దున్నే ఇంట్లో ఉన్న బ్లీచింగ్ పౌడరు పొట్లం మీద తయారైన తేదీ చూడండి. పాతదైతే కొత్తది తెచ్చుకోండి.